మా నాన్న క్లారినెట్ అటకెక్కింది. తప్పు డీజేలదా, పాటల కంపెనీలదా, మనదా?

క్లారినెట్_కొడుకు
మాది తెనాలి దగ్గర పల్లె. నాన్న ముప్పై రెండేళ్ళు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించాడు. పన్నెండు మంది సెట్టు. రెండు ట్రంపెట్లు, క్లారినెట్, డ్రమ్ములు, గిలకలు, చివర్లో తోపుడు బండి మీద క్యాసియో. మాఘమాసం వచ్చిందంటే మా ఇంటి దండెం నిండా ఎర్ర కోట్లే. కొత్త సినిమా క్యాసెట్ వచ్చిన రోజు అందరూ మా అరుగు మీద చేరేవాళ్ళు. ఒక్కడికీ నొటేషన్ రాదు. టేప్ రికార్డర్ రివైండ్ చేసి చేసి వింటూ, దీపాలు పెట్టే వేళకల్లా పాట పట్టేసేవాళ్ళు. ఆ రివైండ్ దెబ్బకి క్యాసెట్లు నమిలేసేది, నేను పెన్సిల్ పెట్టి చుట్టేవాణ్ణి.

ఈ మాఘంలో ఒకే ఒక్క పెళ్ళి తగిలింది. అదీ పెళ్ళికొడుకు తాత పట్టుబట్టాడని. ఊరేగింపు వంద గజాలు కదిలిందో లేదో, వెనక ట్రాలీ మీద డీజే మొదలైంది. నాన్న ఆపలేదు. నేను ఆయన పక్కనే నడుస్తున్నాను. బుగ్గలు ఉబ్బుతున్నాయి, వేళ్ళు ఆడుతున్నాయి, చుక్క శబ్దం వినపడదు. వీధి చివరిదాకా అలాగే వాయించాడు. ఇంటికొచ్చి నోటి దగ్గరి రీడ్ ఊడదీసి తుడిచి, పెట్టెలో సర్ది అటక మీద పెట్టాడు. ఇంతవరకు దించలేదు.

అడిగేది ఒకటే. ఈ డీజేలూ ఆడియో కంపెనీలూ కలిసి జనం చెవులు పాడుచేశాయా? లేక నేనే నాన్న బాధ చూసి ఎక్కువ ఊహించుకుంటున్నానా?

మిరపతోట
ఆ వినపడని క్లారినెట్ దగ్గర ఆగిపోయాను అన్నా. 1996లో మా పెళ్ళికి బ్యాండు వాళ్ళు నాగిని ట్యూన్ ఎత్తుకుంటే మా బావమరిది నోట్లో రుమాలు పెట్టుకుని తారు రోడ్డు మీద పొర్లాడు. ఆ పంచె మరక ఇప్పటికీ పోలేదు.

రోడ్‌షో_రాజు
నేను డీజే ఓనర్ని. తిట్టుకోండి, పర్లేదు, కానీ ఒక మాట వినండి.

నాలుగు బేస్ బాక్సులు, నాలుగు టాపులు, ఆంప్లిఫయర్లు, జనరేటర్, షార్పీ లైట్లు, అన్నీ ఫైనాన్స్‌లో తెచ్చినవే. పెళ్ళిళ్ళున్నా లేకపోయినా, మూఢంలో కూడా, నెల తిరిగేసరికి కిస్తీ కట్టాలి. ఏ పాట పెట్టాలో నా చేతిలో ఉందనుకుంటున్నారా? కాస్త మెలోడీ పెడితే మందేసిన బావ ఒకడు వచ్చి నేరుగా ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేస్తాడు. ఇంకోటి. నేనూ ఏడో తరగతి సెలవుల్లో బ్యాండు వెనక గిలకలు ఊపినవాణ్ణే. రోజుకి యాభై రూపాయలు, ఒక బిర్యానీ పొట్లం.

మెదక్_పోరడు
మా దిక్కు బరాత్ లేకుంటే పెండ్లి అయినట్టే కాదు. మటన్ తక్కువైతే మాఫ్ చేస్తారు, డీజే తక్కువైతే పదేండ్లు యాది చేస్తారు.

నైట్‌డ్యూటీ_నర్సు
మీ బరాత్ మా ఆసుపత్రి ముందు నుంచే పోతుంది తమ్ముడూ. రాత్రి పదకొండున్నరకి. బేస్ పడినప్పుడల్లా వార్డు కిటికీ అద్దాలు గజగజలాడతాయి, స్టీలు ట్రేలో కత్తెర్లు గలగలమంటాయి. ఒకసారి స్టెంటు వేసి రెండో రోజైన పెద్దాయన నా చెయ్యి పట్టుకుని, "ఇంత దగ్గరి పెళ్ళికి నన్ను పిలవలేదేంటమ్మా" అన్నాడు. నవ్వాను. మానిటర్ మీద పల్స్ చూశాక నవ్వు ఆగిపోయింది.

ప్లీడరు_గారు
నర్సు గారూ, ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించొచ్చు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది. ఇళ్ళ మధ్యనైతే పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ అసలు వాడకూడదు. పండగలకి ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలింపు ఇచ్చే వీలుంది, అంతే. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబర్‌లో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు ఆపేయమని ఉత్తర్వు కూడా ఇచ్చారు.

మెదక్_పోరడు
45 డెసిబెల్సా? అది మా అత్త గుసగుస సార్.

పాతపాటల_పంతులు
నిషేధాల సంగతి వచ్చింది కాబట్టి పాత ముచ్చట ఒకటి. 1952లో కేంద్రంలో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే ఒళ్ళు మంట. జనం అభిరుచి పాడైపోతోందని ఆకాశవాణిలో సినిమా పాటలకు దాదాపు తలుపులు మూసేశాడు. శాస్త్రీయ సంగీతం వినండి, బాగుపడతారు అన్నాడు. జనం ఏం చేశారు? సూది తిప్పి రేడియో సిలోన్ పెట్టుకున్నారు. చివరికి 1957లో మన ప్రభుత్వమే వివిధభారతి తెరవాల్సి వచ్చింది. సిలోన్‌లో మధ్యాహ్నం తెలుగు పాటలు వచ్చేవి. మా అమ్మ ఆ కాసేపటికే అన్నం వార్చి వచ్చి కూర్చునేది. ఆ రేడియో కరకరమంటుంటే దాని మీద ఒక దెబ్బ, పక్కన నవ్విన మా మీద ఒక దెబ్బ.

కాబట్టి క్లారినెట్ బాబూ, జనం చెవులు ఇవాళే పాడయ్యాయనడం తప్పు. అప్పుడూ అదే మాట, సినిమా పాట మీద. మీ నాన్నగారు వాయించింది ఆ సినిమా పాటలేగా? సన్నాయి వాళ్ళు బ్యాండు మేళాన్ని చూసి ఇలాగే ఏడ్చారు.

మిరపతోట
పంతులు గారు చల్లగా కత్తి దింపారు.

క్లారినెట్_కొడుకు
దిగిన మాట నిజమే. మా ఊళ్ళో సన్నాయి వాయించే ఇల్లు ఒకటుండేది. బ్యాండు వచ్చాక వాళ్ళు మాంగల్యధారణకి, గుడి ఉత్సవానికి మాత్రమే మిగిలారు. ఇన్నాళ్ళూ ఆ వైపు నుంచి ఆలోచించలేదు.

సుజాత_కె
తాళి కట్టేటప్పుడు మాత్రం సన్నాయీ డోలూ ఉండి తీరాలి. గట్టిమేళం డీజేతో కుదరదు కదా.

మిరపతోట
కుదిరింది అక్కా, మా పిన్ని కూతురి పెళ్ళిలో. మేళం వాళ్ళు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని ఎవరో ఫోన్‌లో యూట్యూబ్ పెట్టి మైకు ఆనించారు. తాళి ఎత్తి పట్టుకున్నాడు, సరిగ్గా అప్పుడు డిటర్జెంట్ యాడ్. పంతులు గారు మంత్రం ఆపి "స్కిప్ కొట్టండి నాయనా" అన్నారు. ఐదు సెకన్లు ఆగి కట్టాడు.

రోడ్‌షో_రాజు
చచ్చాను నవ్వలేక. డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి బాసూ, మా వృత్తిలో మొదటి పాఠం అది.

డప్పు_మనవడు
పైన అందరూ పాత రోజుల్ని చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకైతే ఆ తడి లేదు.

మాది కరీంనగర్ వైపు. మా తాత డప్పు కొట్టేవాడు. ఇష్టమై కాదు, తప్పక. ఊళ్ళో పీనుగ లేచినా, జాతరైనా, దండోరా వెయ్యాలన్నా కబురు వచ్చిందంటే చేతిలో పని వదిలి పోవాలి. డప్పు కాచుకోవడానికి గడ్డి కూడా తనే ఏరుకోవాలి. పెళ్ళి ఊరేగింపులో అందరికన్నా ముందు నడిచేది ఆయన. తినేది అందరి తర్వాత, పందిరి బయట, ఇంటి నుంచి తెచ్చుకున్న గిన్నెలో. మా నాన్నని డప్పు ముట్టనివ్వలేదు. ముడితే చెయ్యి విరగ్గొడతానన్నాడట.

డీజే వచ్చిన రోజు మా వాడలో ఎవరూ ఏడవలేదు. మా చిన్నాన్న కొడుకు డీజే ఆపరేటర్. పెళ్ళివాళ్ళు కుర్చీ వేస్తారు, కూల్ డ్రింక్ ఇస్తారు, "అన్నా, ఆ పాట ఒక్కసారి పెట్టవా" అని బతిమాలతారు. అదే ఇంటివాళ్ళు మా తాతని ఏమని పిలిచేవాళ్ళో ఇక్కడ రాస్తే మోడరేటర్ తీసేస్తాడు.

అదే డప్పు తెలంగాణ ఉద్యమంలో, ధూంధాంలలో స్టేజీ ఎక్కింది. 2023లో గద్దర్ పోయినప్పుడు మా తమ్ముడు తనంతట తానే పోయి డప్పు కొట్టి వచ్చాడు. ఎవరూ కబురు పెట్టలేదు. మా ఇంట్లో ఒకడు డప్పు పట్టుకోవడం నేను చూసింది అదే మొదలు.

నైట్‌డ్యూటీ_నర్సు
ఇది చదివాక నా కిటికీ అద్దాల గోల చిన్నదనిపించింది. గోల గోలే అనుకోండి.

మెదక్_పోరడు
డప్పు అన్న చెప్పింది సాచి కొట్టినట్టుంది. ఉద్యమంలో పాట లేకుంటే సభకు మంది వచ్చేవారే కాదు. ఇప్పుడేమో మన రాష్ట్ర గీతానికి సంగీతం ఆంధ్రా ఆయన...

మిరపతోట
మళ్ళీ మొదలు. రాసింది అందెశ్రీ గారేగా. కీరవాణి గారికి ఆస్కార్ వచ్చిన రోజు మీ వాట్సాప్ స్టేటస్ ఏంటి తమ్ముడూ?

మోడరేటర్
రాష్ట్ర గీతం గొడవ 2024లోనే ఇక్కడ పద్నాలుగు పేజీలు నడిచింది. దాన్ని మళ్ళీ లేపితే రెండు పోస్టులూ లేపేస్తాను.

సుజాత_కె
వాద్యాల గురించే మాట్లాడుతున్నారు, గొంతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా అమ్మమ్మ తరంలో పెళ్ళికి పాట అంటే ఆడవాళ్ళు పాడేదే. నలుగు పెట్టేటప్పుడు, బువ్వబంతి దగ్గర, అప్పగింతలప్పుడు. మగపెళ్ళివారిని వియ్యపురాలి ముక్కు నుంచి నడక దాకా పాటలోనే ఏకిపారేసేవాళ్ళు, ఎవరూ పట్టుకోకూడదు, అది ఆచారం. మా అమ్మకి ఒక పది పాటలు వచ్చు. నాకు ఒకటిన్నర. మా అమ్మాయి పెళ్ళిలో అప్పగింతలకి అమ్మ గొంతు సవరించుకునేలోపే ఈవెంట్ అబ్బాయి "ఆంటీ, ఒక్క నిమిషం, ట్రాక్ ఉంది" అని సినిమా పాట వేశాడు. అందరూ ఆ పాటకే ఏడ్చారు, నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం మంచినీళ్ళు తాగి కూర్చుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా కాలంలో ఊరేగింపులో ఆడపిల్ల అడుగు కదిపితే ఇంటికెళ్ళాక వాతలే. మొన్న మా మేనకోడలు తన బరాత్‌లో తనే ఆడుతూ వచ్చింది. వెనకేమో ఆడపిల్ల నడుము గురించి, వయసు గురించి పాట. సంతోషించాలో తిట్టుకోవాలో తెలియక జాకెట్ పిన్ను సర్దుకుంటూ నిలబడ్డాను.

పాతపాటల_పంతులు
సుజాతమ్మా, పాట ఆకారం కూడా కంపెనీ చేతిలోనే ఉంటూ వచ్చింది. 78 స్పీడు గ్రామఫోన్ రికార్డు ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే తిరిగేది. నాటకంలో ఒక పద్యానికి రాగం పదినిమిషాలు తీసే మహానుభావులు కూడా రికార్డు కోసం కత్తిరించుకున్నారు. ఇప్పుడు ఫోన్‌లో అర నిమిషం రీల్ తిరగాలి, దానికో స్టెప్పు కావాలి. అందుకే ఇవాళ్టి పాటల్లో పల్లవి ఒక్కటే గుర్తుంటుంది. రెండో చరణం ఎవడన్నా పాడితే నేను వంద రూపాయలిస్తా.

రోడ్‌షో_రాజు
రెండో చరణం మేమూ వెయ్యం గురువు గారూ. అక్కడికి వచ్చేసరికి జనం మంచినీళ్ళకి పోతారు. పల్లవి, బీట్, డ్రాప్, మళ్ళీ పల్లవి. ఇప్పుడు సినిమా పాటల కన్నా యూట్యూబ్ జానపదాలే ఎక్కువ అడుగుతున్నారు, ముఖ్యంగా తెలంగాణ వైపు పోతే.

పల్లెపదం
ఆ జానపదాలు రాసేవాళ్ళలో నేనొకణ్ణి. ఒక చానెల్‌కి పాట రాసిచ్చాను, ఐదు వేలు ఇచ్చారు, పేపర్ మీద సంతకం పెట్టమన్నారు, పెట్టాను. చదవలేదు. ఆ పాట కోటి వ్యూస్ దాటింది. రాజు అన్న లాంటి వాళ్ళు దాన్ని ప్రతి ఊళ్ళో వేశారు. మా బాపు చనిపోయిన నెలలో డబ్బులకి ఇబ్బందై ఆ చానెల్ అతనికి ఫోన్ చేస్తే "తమ్ముడూ, లెక్క అప్పుడే అయిపోయింది కదా" అన్నాడు. లెక్క ప్రకారం కరెక్టే.

దాచకుండా ఇంకోటి కూడా చెప్తాను. ఆ పాట పల్లవి నాది కాదు. నాట్లేసేటప్పుడు మా అమ్మమ్మ, ఆమె తోటివాళ్ళు పాడేది. చరణాలు మాత్రం నేను కట్టాను. "రచన" అని నా పేరే వేశారు. మా ఊరికి పోతే అమ్మమ్మ స్నేహితురాలు ఒకామె "మా పాటకి నీకెంతిచ్చిండ్రు బిడ్డా" అని అడిగింది. ఐదు వేలని చెప్పలేక "ఏం లేదవ్వా" అన్నాను.

డప్పు_మనవడు
నిజం చెప్పినందుకు దండం అన్నా. ఇట్లా ఒప్పుకునేవాళ్ళు తక్కువ.

డల్లాస్_బాబాయ్
ఇక్కడ మా పెళ్ళిళ్ళలో హాలు టైము అయిపోతే మేనేజర్ వచ్చి లైట్లు వేసేస్తాడు, బరాత్ అంతా పార్కింగ్ లాట్‌లోనే. గుర్రం అద్దెకి తెస్తే దాని ఇన్సూరెన్స్ కాగితం మగపెళ్ళివారి లగ్నపత్రిక కన్నా పొడుగు.

రాయల్టీ అంటే గుర్తొచ్చింది. 2017లో బాలు గారు అమెరికా టూర్‌లో ఉండగా తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చింది. మా ఇంట్లో పెద్ద యుద్ధం. మా ఆవిడ "ఆయన ట్యూన్, ఆయనిష్టం" అంటుంది. నేను "పాడినాయన గొంతు లేకపోతే ఆ ట్యూన్ ఎక్కడుంది" అంటాను. ఆ వారం వంట నాదే.

ప్లీడరు_గారు
మీ ఆవిడ వైపు కొంత చట్టం ఉంది లెండి.

పల్లెపదం గారూ, మీకు పనికొచ్చే సంగతి. 2012కి ముందు సినిమా పాట రాసినవాళ్ళూ కట్టినవాళ్ళూ నిర్మాతకి ఒకేసారి రాసిచ్చేసి చేతులు కడుక్కునేవాళ్ళు. హిందీ పాటల రచయిత జావేద్ అఖ్తర్ రాజ్యసభలో గట్టిగా నిలబడ్డాక చట్టం మారింది. హక్కులు అమ్మినా సరే, థియేటర్‌లో సినిమాతో పాటు వినపడేది వదిలేస్తే, మిగతా చోట్ల ఆ పాట మీద వచ్చే రాయల్టీలో రచయితకీ స్వరకర్తకీ సమాన వాటా అడిగే హక్కు పోదు. వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప దాన్ని ఇంకెవరికీ రాసివ్వలేరు. సినిమా పాట కానివాటికీ ఇలాంటి రక్షణే ఉంది. రచయితలకీ స్వరకర్తలకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అని సొసైటీ ఉంది, సభ్యత్వం తీసుకోండి. ఆ సంతకం పెట్టిన కాగితం ఎవరికైనా చూపించండి, వదిలెయ్యకండి. వాద్యం వాయించినవాళ్ళకీ అదే సవరణలో వాటా పెట్టారు, అది ఎవరూ అడగరు.

రోడ్‌షో_రాజు
అయ్యా, అయితే నేను ఊరేగింపులో వేసే ప్రతి పాటకీ కట్టాలా? ఇప్పుడే చెప్పండి, బాక్సులు అమ్మేస్తా.

ప్లీడరు_గారు
కంగారు పడకండి. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన వేడుకలు కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మినహాయింపులోకి వస్తాయి. 2023 జూలైలో కేంద్రం కూడా ఆ మాటే చెబుతూ నోటీసు ఇచ్చింది. దాన్ని పట్టుకుని పెళ్ళిళ్ళకి రాయల్టీ అడగొద్దని గోవా ప్రభుత్వం సర్క్యులర్ తెస్తే 2024లో బాంబే హైకోర్టు కొట్టేసింది. కాబట్టి పెద్ద హోటళ్ళలో ఈవెంట్ కంపెనీలు పెట్టే సంగీత్‌ల దగ్గర తగవు ఇంకా తెగలేదు. మీ ట్రాలీకి రాయల్టీ భయం కన్నా రాత్రి పది దాటితే ఎస్సై భయమే ఎక్కువ.

రోడ్‌షో_రాజు
ఎస్సై గారి చెల్లెలి పెళ్ళికి వేసింది నేనే సార్. పన్నెండున్నర దాకా.

నైట్‌డ్యూటీ_నర్సు
ఏ రోడ్డులో?

రోడ్‌షో_రాజు
అక్కా, మీ ఆసుపత్రి ఏదో మెసేజ్ పెట్టండి. ఆ వంద మీటర్లు ఆపేసుకుని వెళ్తా. ఒట్టు. మా నాన్నకీ స్టెంటే.

క్లారినెట్_కొడుకు
రెండు రోజులు ఇటు రాలేకపోయాను. నిన్న రాత్రి ఈ పోస్టులన్నీ నాన్నకి చదివి వినిపించాను. డిటర్జెంట్ యాడ్ దగ్గర బాగా నవ్వాడు. డప్పు_మనవడు రాసింది వచ్చేసరికి మళ్ళీ చదవమన్నాడు. కాసేపాగి, "ఎర్ర కోటు ఎందుకేశామనుకున్నావు? కోటు లేనప్పుడు ఏరా అనేవాళ్ళు, కోటు వేస్తే ఏమయ్యా అనేవాళ్ళు" అన్నాడు. భోజనాలు వాళ్ళకీ ఆఖరి బంతిలోనేనట. నాకు ఆ సంగతి ఇన్నేళ్ళూ చెప్పలేదు.

పంతులు గారి సన్నాయి మాటకి మాత్రం ఒప్పుకోలేదు. "మేం వాళ్ళతో కలిసి వాయించాం, వాళ్ళ మీద వాయించలేదు" అన్నాడు.

పాతపాటల_పంతులు
ఆ మాట ముందు నా పోస్టు ఆగదు. ఆయనకి నా నమస్కారం చెప్పండి.

రోడ్‌షో_రాజు
అన్నా, తప్పుగా అనుకోకపోతే ఒకటి అడుగుతా. పాత బ్యాండు ట్యూన్లు నాన్నగారి చేత క్లారినెట్ మీద రికార్డు చేయిస్తే, కింద బీట్ వేసి మిక్స్ చేస్తాను. ఇప్పుడు ఊరేగింపుల్లో అలాంటిది ఎవరి దగ్గరా లేదు. చానెల్‌లో కూడా పెడదాం, పేరు ఆయనదే. మా ఫ్రెండు స్టూడియో ఉంది గుంటూరులో.

మిరపతోట
నాగిని ట్యూన్‌తో మొదలుపెట్టండి. బావమరిది ఇంకా ఫిట్‌గానే ఉన్నాడు.

క్లారినెట్_కొడుకు
అడిగాను. ముందు వద్దన్నాడు. పొద్దున కాఫీ తాగుతూ తనే మళ్ళీ ఎత్తాడు. "డబ్బు ఒకేసారి ఇస్తాడా, వాయించినప్పుడల్లా ఇస్తాడా, కనుక్కో" అన్నాడు.

ప్లీడరు_గారు
ఆయనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

పల్లెపదం
సంతకం ముందు చదవమనండి.

రోడ్‌షో_రాజు
వాయించినప్పుడల్లా అంటే ఎలా లెక్క పెట్టాలో నాకు నిజంగా తెలియదు. పెళ్ళికి ఇంత అని అనుకుందామా? ఆదివారం బండి వేసుకుని వస్తా, కూర్చుని మాట్లాడదాం. రీడ్లు కొత్తవి కావాలంటే సైజు చెప్పండి, విజయవాడలో తెస్తాను.

క్లారినెట్_కొడుకు
బి-ఫ్లాట్, రెండున్నర నంబరు. పెట్టె ఇంకా అటక మీదే ఉంది, స్టూల్ మాత్రం ఎవరో కింద పెట్టారు.